సర్పంచ్‌గా గెలిచాను, పంచాయతీ ఖాతాలో డబ్బు కనిపిస్తోంది కానీ చేతికి రావట్లేదు: ఆ డబ్బు ఎవరిది?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు అర్థం కావడానికి దాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను. మీది తెలంగాణలో 640 మంది జనాభా ఉన్న తండా పంచాయతీ. 2025 డిసెంబర్ ఎన్నికల్లో మొదటిసారి సర్పంచ్‌గా గెలిచారు. ఖాతాలో రెండు లక్షల పైచిలుకు ఉన్నట్టు కంప్యూటర్‌లో కనిపిస్తోంది. అయినా ఇద్దరు సఫాయి కార్మికులకు మూడు నెలల జీతం బాకీ ఉంది, ట్రెజరీకి పంపిన చెక్కులు ఆగిపోయాయి, వీధి దీపాల కరెంటు బిల్లు కట్టమని నోటీసు వచ్చింది. "అసలు ఆ డబ్బు మాదా, సర్కారుదా? మాదైతే మేం ఖర్చు పెట్టుకోవడానికి ఎవరి దగ్గర చెయ్యి చాపాలి?" అని అడిగారు.

నేను ముప్పై మూడేళ్లు పంచాయతీ శాఖలో పనిచేశాను. గ్రామ కార్యదర్శిగా చేరి, డివిజన్ స్థాయి అధికారిగా రిటైరయ్యాను. ఈ ప్రశ్న నన్ను ఎంతమంది సర్పంచులు అడిగారో లెక్కలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు "పై నుంచి ఆర్డర్ రావాలమ్మా" అని పంపేసేవాళ్లం. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

ఆ డబ్బు మీదే. కానీ అది ఏ రోజు మీ చేతికి రావాలో తేల్చేది మీరు కాదు. రాష్ట్రానికి, పంచాయతీకి మధ్య వాటాల గురించి అందరూ శాతాల్లో మాట్లాడతారు. నా అనుభవంలో శాతం కన్నా ముఖ్యమైనవి రెండున్నాయి. ఆ డబ్బు ఎవరి పెట్టెలో ఉంది, ఎప్పుడు బయటకు వస్తుంది. చట్టంలో మీ వాటా ఎంత బాగా రాసి ఉన్నా, పెట్టె తాళం ఇంకొకరి దగ్గర ఉంటే ఆ వాటా కాగితం మీదే ఉంటుంది.

ముందు ఒక పని చేయండి. క్యాష్ బుక్ పక్కన మామూలు నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని మూడు గీతలు కొట్టండి. పంచాయతీకి వచ్చే ప్రతి రూపాయి ఈ మూడు గడుల్లో ఎక్కడో ఒకచోట పడుతుంది. మూడూ ఒకే కుప్పగా కనిపించినంత కాలం ఏది అడుక్కోవాలో, ఏది హక్కుగా అడగాలో తెలియదు.

మొదటి గడి సొంత రాబడి. ఇంటి పన్ను, నల్లా బిల్లు, ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చే పర్మిషన్ ఫీజు, లేఅవుట్ ఫీజు, కిరాణా కొట్టుకు, పిండి గిర్నీకి ఇచ్చే లైసెన్స్ ఫీజు, సంత వేలం, బందెలదొడ్డి. మీరే వేసి, మీరే వసూలు చేసుకునే డబ్బు ఇది. నేను చేరిన కొత్తలో డప్పు చాటింపు వేయించి, పన్ను వసూలు చేసే కారోబార్ సంకలో, ఎవరెంత కట్టాలో రాసే డిమాండ్ రిజిస్టర్ పెట్టుకుని ముందు నడిస్తే నేను రసీదు బుక్కు పట్టుకుని వెనక నడిచేవాణ్ణి. "మోరీ తీయని పంచాయతీకి పన్నెందుకు కట్టాలె?" అని ఒక ముసలామె అడిగితే జవాబు దొరక్క తల దించుకున్నాను. పన్ను కట్టరు కాబట్టి మోరీ తీయలేం, మోరీ తీయరు కాబట్టి పన్ను కట్టరు. ముప్పై మూడేళ్లలో ఆ ముడి విప్పగలిగిన ఊళ్లు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కనిపించాయి.

మీ తండా లెక్కే వేద్దాం. 150 ఇళ్లు అనుకుందాం, ఇంటికి సగటున ఏడాదికి 350 రూపాయల పన్ను. ప్రతి పైసా వసూలైనా 52,500. కార్మికుడికి నెలకు 9,500 చొప్పున ఇద్దరికి ఏడాదికి 2,28,000. అంటే ఊరంతా నిజాయితీగా పన్ను కట్టినా అది జీతాల్లో నాలుగో వంతుకు కూడా చాలదు. మీరు బాకీ పడ్డ మూడు నెలల జీతమే 57,000, ఏడాది ఇంటి పన్ను కంటే ఎక్కువ. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ జీతం ఎంత ఉండాలో మీ పంచాయతీ తేల్చలేదు. 2019లో రాష్ట్రం 8,500 అని నిర్ణయించింది, తర్వాత ఇంకో వెయ్యి పెంచింది. కార్మికులకు ఆ డబ్బు న్యాయంగా రావాల్సిందే, నా దృష్టిలో ఇంకా తక్కువే. కానీ జీతం పెంచింది ఒకరు, కట్టాల్సింది ఇంకొకరు. రాష్ట్రానికి, స్థానిక సంస్థకు మధ్య పేచీ ఎక్కువసార్లు మొదలయ్యేది ఇక్కడే.

ఇంటి పన్ను రసీదులో ఇంకో గీత కూడా ఉంటుంది, గ్రంథాలయ సెస్సు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్ను మీద రూపాయికి 8 పైసలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. అది మీ డబ్బు కాదు, మీ చేతుల మీదుగా వెళ్లేది. దాన్ని వాడేసుకుని ఆడిట్‌లో ఇరుక్కున్న సర్పంచులను చూశాను. ముందే పక్కన పెట్టండి.

రెండో గడి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే చాలామంది సర్పంచులకు అది ఉన్నట్టే తెలియదు. చట్టం పంచాయతీదని చెప్పిన రాబడిని రాష్ట్రం వసూలు చేసి ఇచ్చే పద్ధతి ఇది. మీ ఊళ్లో ఎవరైనా ప్లాటు అమ్మితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీతో పాటు ట్రాన్స్‌ఫర్ డ్యూటీ అని 1.5 శాతం కడతారు. 10 లక్షల ప్లాటుకు 15,000. ఆ 15,000 స్థానిక సంస్థలది. పంచాయతీ, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు పంచుకోవాలి, అందులో పెద్ద వాటా పంచాయతీది. రాష్ట్రం చేసేది క్యాషియర్ పని. అలాగే ఇసుక, కంకర, మొరం లాంటి చిన్న ఖనిజాలు తవ్వుకున్నందుకు కట్టే సీనరేజీ రుసుములో కూడా మూడు అంచెలకూ వాటా ఉంది.

క్యాషియర్ దగ్గర డబ్బు ఎక్కువ రోజులుంటే ఏమవుతుందో మీకు తెలుసు. అది ఆయన డబ్బులాగే కనిపించడం మొదలవుతుంది. మొదట మూడు నెలలకోసారి వచ్చేది ఆరు నెలలకు పోతుంది, తర్వాత ఏడాదికి. చివరికి ఏదో సభలో "పంచాయతీలకు ఇన్ని కోట్లు విడుదల చేశాం" అని చెప్తే సర్పంచులు చప్పట్లు కొడతారు. ఎవరి డబ్బుకు ఎవరు చప్పట్లు కొడుతున్నారు? నా ఉద్యోగం మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది ఈ విషయమే.

వృత్తి పన్ను కథ కూడా ఇలాంటిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987 చట్టానికి ముందు దాన్ని స్థానిక సంస్థలు వసూలు చేసుకునేవి. ఆ చట్టంతో రాష్ట్రం తన చేతిలోకి తీసుకుంది, బదులుగా పరిహారం ఇస్తానంది. పన్ను వేసే అధికారం పోయి, పరిహారం కోసం ఎదురుచూడటం మిగిలింది. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రం వేసే వినోదపు పన్ను కూడా అందులో కలిసిపోయి, అందులోంచి వచ్చే వాటా పోయింది. స్థానిక సంస్థలు తామే వినోదం మీద పన్ను వేసుకునే వీలు రాజ్యాంగంలో మిగిలింది గానీ, సినిమా హాలే లేని తండాకు దానితో ఒరిగేదేమీ లేదు.

ఈ రెండో గడి ఊరినిబట్టి చాలా మారుతుంది. హైవే పక్క ఊళ్లో ఏడాదికి వెయ్యి ప్లాట్లు చేతులు మారతాయి, మీ తండాలో నాలుగు పొలాలు మారితే గొప్ప. అందుకే "పంచాయతీలు తమ కాళ్ల మీద తాము నిలబడాలి" అనే మాట అన్ని ఊళ్లకూ ఒకేలా చెప్పడం అన్యాయం. ఇందులో ఇంకో మెలిక ఉంది. కాళ్ల మీద నిలబడగలిగిన ఊరు ఎక్కువ కాలం పంచాయతీగా ఉండదు. 2024లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పరిధిలోని 51 పంచాయతీలను చుట్టుపక్కల మున్సిపాలిటీల్లో కలిపారు. పట్టణం పెరిగినప్పుడు అలా కలపడంలో అర్థముంది. కానీ రాబడి ఉన్నవి వెళ్లిపోతే పంచాయతీల పట్టికలో మీలాంటివే మిగులుతాయి.

మూడో గడి గ్రాంట్లు. ఇందులో పెద్దది కేంద్ర ఆర్థిక సంఘం డబ్బు, అంటే ఆ సంఘం సిఫారసు మీద కేంద్రం ఇచ్చేది. 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి 2020 వరకు గ్రామీణ గ్రాంటు మొత్తం గ్రామ పంచాయతీలకే ఇచ్చింది, మండల, జిల్లా పరిషత్తులకు పైసా ఇవ్వలేదు. 15వ ఆర్థిక సంఘం మళ్లీ మూడు అంచెలకూ పంచమంది. 2021 నుంచి 2026 మార్చి వరకు ఐదేళ్లకు దేశం మొత్తం మీద గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసింది. అందులో 60 శాతం టైడ్, అంటే కట్టేసిన డబ్బు: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. మిగతా 40 శాతం అన్‌టైడ్, మీ ఊరి అవసరాన్నిబట్టి వాడుకోవచ్చు, కానీ జీతాలకు, ఆఫీసు నిర్వహణ ఖర్చులకు వాడకూడదు. మీకు 5 లక్షలు వచ్చాయనుకోండి, లక్షన్నర మోరీలు, చెత్తకు, లక్షన్నర నీళ్లకు, 2 లక్షలు మీ ఇష్టానికి. మీ సఫాయి కార్మికుల బాకీ ఆ 2 లక్షల్లోంచి తీర్చలేరు. ఖాతాలో డబ్బు ఉండి కూడా జీతం ఇవ్వలేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. మీకు కనిపిస్తున్న ఆ రెండు లక్షలు ఏ గడిలోవో ముందు తెలుసుకోండి.

ఇంకో షరతు మీకు ఇప్పటికే అనుభవమై ఉంటుంది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం డబ్బు రాదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పాత సర్పంచుల గడువు అయిపోయాక, 2025 డిసెంబర్ వరకు దాదాపు రెండేళ్లు ప్రత్యేక అధికారుల పాలనే నడిచింది. ఎన్నికలు పెట్టాల్సింది రాష్ట్రం, ఆలస్యమైతే నష్టపోయేది ఊరు. మీరు గెలిచి కుర్చీలో కూర్చునే సరికి కార్మికుల బాకీ, కరెంటు బాకీ, పంచాయతీ ట్రాక్టర్ కిస్తీ మీకంటే ముందే వచ్చి కూర్చుని ఉండటానికి సగం కారణం అదే. ఆ బాకీలు మీరు చేసినవి కావు. ఊళ్లో ఎవరు ఏమన్నా మీరు కుంగిపోకండి.

దేశమంతా చూసినా బొమ్మ ఇదే. రిజర్వ్ బ్యాంకు పంచాయతీల ఆర్థిక పరిస్థితి మీద 2024 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. 2022-23లో ఒక్కో పంచాయతీ సగటున సొంత పన్నుల ద్వారా సంపాదించింది 21,000 రూపాయలు, పన్నేతర రాబడి 73,000. కేంద్రం నుంచి వచ్చిన గ్రాంటు సుమారు 17 లక్షలు, రాష్ట్రం నుంచి సుమారు మూడుంబావు లక్షలు. కేంద్రం డబ్బు ఏటేటా ఇంత అని ముందే తేలి ఉంటుంది. రాష్ట్రం నుంచి రావాల్సినదానికే ఎంత, ఎప్పుడు అన్నది తేలదు.

ఇక బాధ్యతల వైపు చూద్దాం. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. 11వ షెడ్యూల్‌లో 29 అంశాలు రాశారు: వ్యవసాయం, చిన్న నీటి వనరులు, తాగునీరు, రోడ్లు, చదువు, ఆరోగ్యం, పేదరిక నిర్మూలన అన్నీ ఉన్నాయి. ఆ 29 అంశాల పట్టిక గోడకు అంటించని పంచాయతీ ఆఫీసు ఉండదు. కానీ 243జీ అధికరణం చదవండి. ఈ అధికారాలను రాష్ట్ర శాసనసభ పంచాయతీలకు "ఇవ్వవచ్చు" అంది, "ఇవ్వాలి" అనలేదు. పన్నులు వేసే అధికారం గురించి చెప్పే 243హెచ్‌లోనూ "వచ్చు" అనే ఉంది. ఎన్నికలకు, రాష్ట్ర ఆర్థిక సంఘానికి మాత్రం "తప్పక" అని రాశారు. ముప్పై ఏళ్లుగా మన స్థానిక పాలన అంతా ఆ "వచ్చు" అనే ఒక్క మాట మీద వేలాడుతోంది.

మీ ఊరి బడి బోర్డు చూడండి. ప్రాథమిక పాఠశాల అయితే మండల పరిషత్తు అని, హైస్కూలైతే జిల్లా పరిషత్తు అని ఉంటుంది. మండలాలకు ముందు పంచాయతీ సమితులు ఉన్న కాలం నుంచి వస్తున్న పద్ధతది. టీచర్ జీతం మాత్రం రాష్ట్ర ట్రెజరీ నుంచి వస్తుంది, బదిలీ రాష్ట్రం చేస్తుంది. టీచర్ రాకపోతే మండలాధ్యక్షుడు అడగగలడు, ఏమీ చేయలేడు. బోర్డు ఒకరిది, బడి ఇంకొకరిది. ఆరోగ్య కేంద్రం కూడా అంతే. నీళ్లు ఊరి ట్యాంకు వరకు మిషన్ భగీరథ తెస్తుంది, ట్యాంకు నుంచి ఇంటి నల్లా వరకు పైపు పగిలితే మీది. పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీది, ఊళ్ల మధ్య రోడ్డు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానిది, ఊరి లోపలి గల్లీ మీది. తేలిగ్గా గుర్తుంచుకోవాలంటే, నెలనెలా చేయాల్సి వచ్చే, చేయకపోతే మర్నాడే జనం తిట్టే పని ఏదైనా పంచాయతీదే: చెత్త, మోరీ, వీధి దీపం, నల్లా, కుక్కలు, శ్మశానం.

2018లో వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ఈ బాధ్యతలను ఇంకా గట్టిగా బిగించింది. బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకు పెట్టాలి. కరెంటు బిల్లు, కార్మికుల జీతం, ట్రాక్టర్ కిస్తీ ముందు కట్టాలి. విధుల్లో తప్పు జరిగితే కలెక్టర్ సర్పంచ్‌ను సస్పెండ్ చేయవచ్చు. అదే చట్టంతో 500 జనాభా దాటిన తండాలు పంచాయతీలయ్యాయి. మీ తండా అలా పుట్టిందే అనుకుంటా. మన తండాలో మన రాజ్యం అని ఆ రోజుల్లో బంజారా పెద్దలు కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ నిర్ణయం సరైనదని ఇప్పటికీ నమ్ముతాను. అయితే కొత్త పంచాయతీ పెట్టినప్పుడు దానికి సొంత రాబడి ఉండదని అందరికీ తెలుసు. మరి ఏటా ఖాయంగా ఇంత ఇస్తామని కూడా రాసి ఉండాల్సింది. 2019 సెప్టెంబర్‌లో రాష్ట్రం మొదలుపెట్టిన పల్లె ప్రగతి కార్యక్రమంలో కొంతకాలం నెలనెలా డబ్బు వచ్చింది. పద్ధతిగా డబ్బు వస్తే పల్లె ఎంత మారుతుందో ఆ నెలల్లో చూశాం. తర్వాత ఆ ధార సన్నబడింది, బాధ్యతలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇప్పుడు మీ చెక్కుల సంగతి. పంచాయతీ సొంత రాబడి కూడా చలాన్ కట్టి ట్రెజరీలో పంచాయతీ పేరున ఉండే పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాలో వేయాలి. సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం చేసి చెక్కు ఇస్తే అది ట్రెజరీలో టోకెన్ నంబర్ తీసుకుని వరుసలో నిలబడుతుంది. ఖాతాలో మీ పేరు మీద డబ్బు ఉన్నట్టే చూపిస్తుంది. కానీ ఆ రోజు రాష్ట్రం దగ్గర నగదు ఎంత ఉంది, ఏది ముందు కట్టాలి అన్నది ఆర్థిక శాఖ చూసుకుని విడుదల చేస్తుంది. జీతాలు, పింఛన్లు, అప్పుల వడ్డీ ముందు పోతాయి. మీ సఫాయి కార్మికుడి 9,500 ఆ వరుసలో ఎక్కడో చివర ఉంటుంది. రాష్ట్రానికి ఇబ్బందులు ఉంటాయి, కాదనను. కానీ ఇంటింటికీ తిరిగి మీరు వసూలు చేసిన 350 రూపాయలు ఆ వరుసలో నిలబడాల్సిన పని లేదు. సొంత రాబడినైనా పంచాయతీ పేరున బ్యాంకులో ఉంచుకోనివ్వాలని నా గట్టి అభిప్రాయం.

ఆంధ్రప్రదేశ్ మిత్రులు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. అక్కడ గత ప్రభుత్వ కాలంలో ఆర్థిక సంఘం డబ్బును కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కారు. బకాయి నిజమే కావచ్చు, కానీ గ్రామసభకు తెలియకుండా, తీర్మానం లేకుండా ఖాతా ఖాళీ అయితే ఇక సర్పంచ్ సంతకానికి విలువేముంది? 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ సచివాలయాలతో ఊళ్లోకి సిబ్బంది వచ్చారు, జనానికి పనులూ దగ్గరయ్యాయి. వాళ్లలో ఎక్కువమంది తమ తమ శాఖలకు జవాబు చెప్పాలి, సర్పంచ్‌కు కాదు. ఇంకొకటి విన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది. స్వాతంత్ర్య దినం జరుపుకోవడానికి అక్కడ చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్దదానికి 250 మాత్రమే ఇచ్చేవారు. 2024లో వాటిని 10,000కు, 25,000కు పెంచారు. పెంచినందుకు సంతోషం. అన్ని దశాబ్దాలు ఆ 100 ఎవరి కంటా పడలేదంటే పంచాయతీ అంటే ఎంత లెక్కో తెలుస్తుంది.

దీనికి మందు రాజ్యాంగంలోనే ఉంది. 243ఐ ప్రకారం ప్రతి రాష్ట్రం ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలి. కేంద్ర ఆర్థిక సంఘం కేంద్రానికి, రాష్ట్రాలకు మధ్య వాటాలు తేల్చినట్టే, ఇది రాష్ట్రానికి, స్థానిక సంస్థలకు మధ్య తేల్చాలి. మన దగ్గర సంఘాలు వేశారు, నివేదికలు వచ్చాయి, బీరువాల్లోకి వెళ్లాయి. తెలంగాణలో 2024లో సిరిసిల్ల రాజయ్య ఛైర్మన్‌గా కొత్త సంఘం వేశారు. రాష్ట్ర ఆర్థిక సంఘం వేసి, దాని మీద తీసుకున్న చర్యల నివేదిక సభలో పెట్టకపోతే 2024 మార్చి తర్వాత గ్రాంటు ఆపేయాలని 15వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది. అలా పై నుంచి మెడ మీద కత్తి పెడితే గానీ కదలని పరిస్థితి.

కేరళ సంగతి చెప్పకుండా ఉండలేను. 1996లో అక్కడ ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళిక డబ్బులో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇవ్వాలని నిర్ణయించారు. అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి చేశారు. రాష్ట్ర బడ్జెట్‌తో పాటు నాలుగో అనుబంధం అని ఒక పుస్తకం వేస్తారు. అందులో ప్రతి పంచాయతీ పేరు, దానికి ఆ ఏడు ఎంత అన్నది ఉంటుంది. కేరళలోనూ ఆలస్యాలున్నాయి, కోతలున్నాయి. కానీ అక్కడి పంచాయతీ అధ్యక్షురాలు పుస్తకం తెరిచి "ఇదిగో మా పేరు, ఇదిగో మా అంకె, ఏదీ మా డబ్బు?" అని అడగగలదు. మీ దగ్గర అలా చూపించడానికి ఏముంది? మన శాసనసభ్యులను ఒక్కటంటే ఒక్కటి అడగమంటే నేను ఆ పుస్తకం అడుగుతాను.

ఇక మీరు రేపటి నుంచి చేయగలిగినవి. మీ మండలంలో నేను లేను కాబట్టి అందరికీ పనికొచ్చేవే చెప్తాను.

అన్నిటికన్నా ముందు, దయచేసి సొంత డబ్బు పెట్టి పని చేయించకండి. నేను పనిచేసిన ఒక మండలంలో ఒక సర్పంచ్ ఉండేవాడు, నలభై ఏళ్లు కూడా లేవు. గడువులోపు వైకుంఠధామం, అంటే శ్మశానవాటిక, పూర్తి చేయాలని పై నుంచి రోజూ ఫోన్లు, వీడియో కాన్ఫరెన్సులు. బిల్లులు వస్తాయిలే అని మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. పని బాగా చేశాడు, పని కొలతలు ఎంబీ పుస్తకంలో రికార్డయ్యాయి, బిల్లు వెళ్లింది, ఆగింది. వడ్డీ ఆగలేదు. ఎకరం పొలం అమ్మి అప్పు కట్టాడు. ఆ గడువు గురించి అతనికి రోజూ ఫోన్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు. అందుకే చెప్తున్నాను, నిధి ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద లేనిదే ఏ పనికీ తీర్మానం చేయకండి. ఎవరైనా ఒత్తిడి చేస్తే "ఏ పద్దు కింద, ఎంత మంజూరు, ఆర్డర్ నంబర్ ఎంత?" అని అడిగి, ఆ జవాబును మినిట్స్ బుక్కులో రాయించండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనలేరు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఒక ఉత్తరం రాయండి. గత మూడేళ్లలో మీ పంచాయతీ పరిధిలో జరిగిన రిజిస్ట్రేషన్ల మీద ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఎంత వసూలైందో అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ పరిధిలో మొరం గుట్ట, క్రషర్ లాంటివి ఉంటే గనుల శాఖకూ అలాంటి ఉత్తరమే. మీకు జమ అయినదాన్ని దాని పక్కన రాస్తే తేడా తెలుస్తుంది. ఆ తేడాను గ్రామసభలో చదివి తీర్మానం చేసి, జిల్లా పంచాయతీ అధికారికి (డీపీవో) పంపండి. డబ్బు మర్నాడే వస్తుందని చెప్పను. కానీ అంకె రాసి అడిగే పంచాయతీ ఫైలు కిందికి పోదు, ఇది నేను కుర్చీలో ఉండి చూసిన మాట.

డిమాండ్ రిజిస్టర్ ఒకసారి ఊరంతా తిరిగి సరిచూడండి. పాత గుడిసె లెక్కలో ఉండి, అక్కడ స్లాబు ఇల్లు లేచి ఉంటుంది. సెల్ టవర్, కోళ్ల ఫారం, రైస్ మిల్లు లెక్కలో ఉన్నాయా చూడండి. పేదవాళ్ల ఇంటి పన్ను పెంచమని చెప్పట్లేదు, పట్టికలో లేనివాటిని ఎక్కించమంటున్నాను. వసూలైన డబ్బుతో ఏం చేశారో పంచాయతీ గోడ మీద రాయించండి. ఆ ముసలామెకు నేను చెప్పలేకపోయిన జవాబు మీరు గోడ మీద చూపించవచ్చు.

కరెంటు నోటీసుకు భయపడకండి, బిల్లు పట్టుకుని మీటర్ల దగ్గరికి వెళ్లండి. వాడకంలో లేని బోరు మీద బిల్లు వస్తోందా, మీటరే లేకుండా అంచనా బిల్లు వేస్తున్నారా చూడండి. వీధి దీపాలను విడిగా ఆపడానికి మూడో వైరు, స్విచ్ లేకపోతే పగలంతా వెలుగుతూనే ఉంటాయి. ఒక ఊళ్లో మూడో వైరు లాగి, ఎల్‌ఈడీ బల్బులు పెట్టి, తెల్లారగానే ఆపే పని వాటర్‌మ్యాన్‌కు అప్పగిస్తే బిల్లు సగానికి దిగింది. పైసా గ్రాంటు లేకుండా మిగిలిన డబ్బది.

ఆర్థిక సంఘం డబ్బు ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. మీ పంచాయతీ పేరు కొట్టి పాత ఐదేళ్లవి ప్రింట్ తీయండి. చెల్లింపులకు వాడే మీ డిజిటల్ కీ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, కార్యదర్శికి గానీ, ఇంట్లో మగవాళ్లకు గానీ ఇచ్చి పెట్టకండి. సంతకం మీది, రేపు ఆడిట్‌లో జవాబు చెప్పాల్సిందీ మీరే. ఇంకొకటి, 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. కొత్త మార్గదర్శకాలు చేతికి తీసుకోకుండా పాత 60, 40 లెక్కలతో వచ్చే ఏడాది ప్రణాళిక రాయకండి.

కార్మికుల జీతం గురించి చివరగా. మీ ఖాతాలో కనిపిస్తున్న రెండు లక్షలను మీ కార్యదర్శితో కూర్చుని పద్దులవారీగా విడగొట్టించండి. సొంత రాబడి, రాష్ట్ర గ్రాంటు కింద ఉన్నదెంత, ఆర్థిక సంఘం టైడ్ ఎంత, అన్‌టైడ్ ఎంత. మొదటిదాంట్లో 57,000 ఉంటే మిగతా అన్ని చెక్కుల కంటే ముందు జీతాల చెక్కు పంపండి, టోకెన్ నంబర్ రాసి పెట్టుకోండి, ఆ నంబర్‌తో మండల పంచాయతీ అధికారి (ఎంపీవో) ద్వారా ట్రెజరీకి లిఖితపూర్వకంగా గుర్తు చేయండి. అంత లేకపోతే ఆ మాట కార్మికులకు దాచకుండా చెప్పి, వాళ్లను కూర్చోబెట్టి లెక్క చూపించండి. ఆ విడగొట్టిన అంకెలు, సబ్ రిజిస్ట్రార్ నుంచి వచ్చిన జవాబు ఇక్కడ పెట్టండి. ఏ పద్దులోంచి ఏది కట్టవచ్చో చూసి చెప్తాను.